వెంకటి చూసిన ట్రాలీ

వెంకటిని నేను మొదటిసారి చూసింది జివతి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద. అప్పుడు ఆయన ట్రాక్టర్ మీద కూర్చుని, కుడికాలు బ్రేకు మీద నుంచి తీయలేక, ఎటూ కదలకుండా ఉన్నాడు.

నేను సరిహద్దు అవతల, మరాఠీ నేల మీద తిరిగే రాజురా–జివతి బస్సులో కండక్టర్‌ని. ఆ రోజు శ్రావణం వచ్చి నాలుగు రోజులు. ఉదయం పదకొండు కావస్తోంది, వాన అప్పుడే ఆగింది. బస్సు ఘాట్ ఎక్కుతూ మూడో మలుపు తిరగగానే మా డ్రైవర్ గట్టిగా ఆపేశాడు. ముందర రోడ్డుకు అడ్డంగా పెద్ద ట్రాక్టర్. దాని మూతి కొండ పక్కన కాలువ దాకా పోయింది. వెనక తగిలించిన రెండు చక్రాల ట్రాలీ లోయ వైపు తిరిగి, ఒక చక్రం రోడ్డు అంచు దాటి గాల్లో ఉంది. ఆ ట్రాలీలో ఒక చిన్న ట్రాక్టర్. పత్తి సాళ్ళ మధ్య గుంటుక కొట్టడానికి వాడే ఇరుకు బండి అది. ముందు కట్టిన తాడు తెగిపోయి, వెనక కట్టిన ఒక్క నైలాన్ తాడు మీద పక్కకు ఒరిగి ఆగి ఉంది.

నేను దిగి దగ్గరికి పోయాను. నలభై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి ఉన్నాయి. ముఖం చూస్తే తెలుగువాడని తోచి తెలుగులోనే అడిగాను.

"ఏమైందన్నా?"

"దిగుతుంటె ట్రాలీ ఎనుక నుంచి నూకింది. బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరిగింది." నా వైపు చూడకుండానే చెప్పాడు. "కాలు తీస్తె పోతది. తీసి చూసిన, రెండు జానలు జరిగింది."

"పార్కింగ్ లాక్ వెయ్యి మరి."

"అది ఇరిగి రెండేండ్లు."

బస్సులోని మగవాళ్ళం రాళ్ళు తెచ్చి వెనక పెద్ద చక్రాల కింద పెట్టాం. కానీ నేల నానిపోయి ఉంది. ఆయన కాలు కొంచెం వదులు చేసినప్పుడల్లా రాయి బురదలో జారేది, ట్రాలీ ఇంకో వేలెడు అంచుకు పోయేది. రెండోసారి అట్లా జరిగాక ఇంక ఎవరూ ఆయన్ని కాలు తీయమనలేదు.

"నువ్వు దుంకెయ్యి, బండి పోతే పోనీ" అన్నాడు మా డ్రైవర్.

వెంకటి తల అడ్డంగా ఊపి లోయ వైపు చూపించాడు. "కింద చూడున్రి."

చూశాను. సరిగ్గా ఆ అంచు కింద పత్తి చేను. ఆరేడుగురు ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తున్నారు. పైన ఏం జరుగుతోందో వాళ్ళకు తెలియదు.

నేను అడ్డదారిన దిగి, చేతులు ఊపుతూ మరాఠీలో అరిచాను. వాళ్ళు లేచి నిలబడ్డారు గాని మొదట అర్థం కాలేదు. పైకి చూపిస్తే అప్పుడు పరుగెత్తారు. ఒక ముసలామె సగం దూరం పోయి, చేను గట్టు మీద మరిచిన సద్దిమూట కోసం మళ్ళీ వెనక్కి తిరిగింది. మూట నేనే తెచ్చి ఇస్తే గాని కదలలేదు. అందరూ దూరంగా మోదుగు చెట్ల దగ్గరికి చేరాక నేను పైకి వచ్చాను.

"జరిగిన్రు. కింద ఎవ్వరు లేరు. ఇగ దిగు, వెంకటన్నా" అన్నాను. పేరు అప్పటికి ఎవరో చెప్పారు.

ఆయన నన్ను చూశాడు. దిగలేదు.

"సేటు బండి" అన్నాడు.

కాలు బ్రేకు మీదే ఉంది. తొడ మీద చెయ్యి వేసి కిందికి నొక్కుకుంటున్నాడు. అట్లా ఇంకో ఇరవై నిమిషాలు ఉన్నాడు. పై నుంచి కంకర దించి వస్తున్న ఒక టిప్పర్ ఆగింది. దానికి ఇనుప గొలుసు కట్టి లాగితే ట్రాలీ చక్రం రోడ్డెక్కింది. వెంకటిని నేనూ మా డ్రైవరూ చంకల కింద చేతులు వేసి దించాం. మోకాలు చాపడానికి రావడం లేదు. రోడ్డు మీద కూర్చోబెడితే అట్లాగే వంచుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం తిరుగు ట్రిప్పులో వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. ట్రాలీ ఇరుసు వంగిపోయింది, సేటు కొడుకు మనుషుల్ని తీసుకుని వచ్చేదాకా బండ్ల దగ్గర కాపలా ఉండాలట. నీళ్ళ సీసా ఇచ్చాను. రెండు గుక్కలు తాగి అడిగాడు.

"అన్నా, ఒకటి చెప్పు. ఆడోళ్లు పక్కకు పోయినంక నేనెందుకు దిగలే?"

బస్సు హారన్ కొడితే ఎక్కేశాను.

ఆ తర్వాత మేం దగ్గరయ్యాం. రాజురాలో నాకు డ్యూటీ దిగాక గంట ఖాళీ ఉండేది, ఆయన ఉండేది బస్టాండు వెనకే. మిగతా సంగతులు ఆయన చెప్పినవి, కొన్ని ఆయన భార్య అనసూయ చెప్పినవి.

వెంకటి తండ్రి రాయమల్లు పెద్దపల్లి వైపు నుంచి బొగ్గు బావి పనికి వచ్చినవాడు. భూమి లోపల కప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఆయన రిటైరైన రోజున ఉద్యోగంతో పాటు కంపెనీ క్వార్టర్ కూడా పోయింది. కొడుక్కి బావిలో పని రాలేదు. వెంకటి మరాఠీ బడిలో ఏడో తరగతి వరకు చదివి, ట్రాక్టర్ నేర్చుకుని, రాజురాలో విత్తనాలు, ఎరువులు అమ్మే అప్పలనర్సయ్య సేటు దగ్గర చేరాడు. సేటు గోదాం వెనక రెండు గదులు ఇచ్చాడు. పెళ్ళి ఆ గదుల్లోనే, కూతురు ప్రణాలి పుట్టింది ఆ గదుల్లోనే. అప్పటికి ఆయన చేరి ఇరవై ఒక్క ఏళ్ళు. సేటు చెడ్డవాడు కాదు. రాయమల్లు చనిపోయినప్పుడు పాడె వెంట నడిచాడు. అందుకే ఆయనకు ఎదురు చెప్పడం వెంకటికి ఇంకా కష్టం. పైగా సేటు దగ్గర మానేసి వచ్చినవాణ్ణి రాజురాలో ఇంకో షాపువాళ్ళు పెట్టుకోరు. అందరూ ఒకరికొకరు చుట్టాలో, కలిసి కూర్చునేవాళ్ళో.

చిన్న ట్రాక్టర్ కొనాలన్నది సేటు కొడుకు అరవింద్ ఆలోచన. కొండ మీద ఊళ్ళలో పత్తికి కూలీలు దొరకడం లేదు, అద్దెకు ఈ బండికి గిరాకీ బాగానే ఉంది. కానీ రాజురా నుంచి దాన్ని సొంత చక్రాల మీద తోలుకుపోతే పూట గడిచిపోతుంది, చిన్న టైర్లు అరిగిపోతాయి. అందుకని పెద్ద ట్రాక్టర్ వెనక, ధాన్యం బస్తాలు మోసే పాత ట్రాలీలో దాన్ని ఎక్కించి పంపేవాళ్ళు. ఘాట్ మీద వెంకటిని ఇరికించింది ఆ ట్రాలీయే.

ఆ సంఘటన జరిగిన మూడో రోజు సేటు పిలిచాడు.

"వెంకటీ, ఆ ట్రాలీ ఇగ పనికిరాదు. పోలా ఎడ్ల పండుగ దాక బుకింగులున్నయి. నువ్వు, అరవింద్ పోయి చూసి రాండ్రి. తోలేటోనివి నువ్వు, ఏది మంచిదో నీకే ఎరుక. నువ్వు చెప్పిందే తీసుకుందాం."

ఆ మాటకు వెంకటి ఎంత సంతోషించాడో అనసూయ చెప్పింది. ఇరవై ఏళ్ళలో ఏదైనా నువ్వే చూడమనడం అదే మొదటిసారట. ఆ సాయంత్రం చిన్న ట్రాక్టర్‌ను నీళ్ళతో కడిగి, గోనెలు కుట్టే సుతిలి తాడు తీసుకుని, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఎంత, ఈ పక్క టైరు నుంచి ఆ పక్క టైరు దాకా ఎంత అని కొలిచి ముడులు వేసుకున్నాడు. ధర్మకాంటా మీద బండిని తూకం వేయించాడు. తొమ్మిది క్వింటాళ్ళకు కొంచెం పైన వచ్చింది. వెనక తగిలించే గుంటుక సామాను కలిపితే పదకొండు.

చంద్రపూర్‌లో పడోలి వైపు ట్రాలీలు చేసే ఒక షెడ్డుకు పోయారు. షెడ్డు యజమాని నితిన్ మరాఠీ మనిషి, ఓపికగా చూపించాడు. మొదట చూపించింది రెండు చక్రాలది, కొత్త రంగు వేసి ఉంది. అరవింద్‌కు అది నచ్చింది.

"రెండు చక్రాలదాంట్ల సగం బరువు ట్రాలీని తగిలించే మన ట్రాక్టర్ కొండి మీద పడ్తది, చిన్న సేటు" అన్నాడు వెంకటి. "చిన్న బండిని జర ముందుకు పెడ్తె కొండి మీద మస్తు బరువు. జర ఎనుకకు పెడ్తె కొండి పైకి లేస్తది, పెద్ద బండి ఎనుక చక్రాలు తేలిపోతయి. చక్రాలు తేలితె బ్రేకు తొక్కినా పట్టు ఉండది. నాలుగు చక్రాలదైతె దాని బరువు అదే మోస్కుంటది."

నితిన్ తల ఊపాడు. తర్వాత తన మాటగా ఇంకొకటి చెప్పాడు. నాలుగు చక్రాలున్నా, ట్రాలీకి సొంత బ్రేకు లేకపోతే ఘాట్ దిగేటప్పుడు అది ముందు బండిని నెట్టకుండా ఉండదు. ట్రాక్టర్ బ్రేకు తొక్కితే ట్రాలీ చక్రాలు కూడా పట్టేలా గొట్టం కలిపి చేయవచ్చు. కానీ ఆ సామాను నాగ్‌పూర్ నుంచి రావాలి, నెల పడుతుంది.

వెంకటి సుతిలి తాడు పరిచి కొలిచాడు. అడుగు భాగం నేలకు దగ్గరగా ఉన్న ఒక నాలుగు చక్రాల ట్రాలీ ముందర చాలాసేపు నిలబడ్డాడు. బండి ఎక్కించే పలకలు పొట్టిగా ఉన్నాయని చూసి, "ఇవి గింత పొడుగు కావాలె. పొట్టిగ ఉంటె ఎక్కేటప్పుడు బండి ముందటి చక్రాలు లేచి ఎనుకకు పడ్తది" అని చేతులు చాపి చూపించాడు. నాలుగు మూలలా గొలుసు తగిలించే కొక్కేలు అడిగాడు. నైలాన్ తాడు ఇక వద్దన్నాడు. నితిన్ ఒక కాగితం మీద అన్నీ రాసుకున్నాడు. అరవింద్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"అయితే ఇదే, బ్రేకులతోటి" అన్నాడు వెంకటి.

"బరాబర్, కాకా" అన్నాడు అరవింద్.

వారం తర్వాత షాపు ముందుకు ట్రాలీ వచ్చింది. అది రెండు చక్రాలది. నితిన్ షెడ్డుది కూడా కాదు, ఎక్కడో పాతది కొని ఎర్ర రంగు వేయించారు. వెంకటి దాని చుట్టూ ఒకసారి తిరిగి షాపులోకి పోయాడు. అరవింద్ ఒక కాగితం ముందుకు జరిపాడు.

"ఇక్కడ సంతకం పెట్టు, కాకా. ఊరికెనే. ఫైల్‌ల ఉండాలె."

"ఇంటికి కొంచవోయి చదువుకుంట" అన్నాడు వెంకటి.

ఇంట్లో ప్రణాలి చదివింది. ఆ అమ్మాయి అప్పుడు ఐటీఐలో మోటార్ మెకానిక్ నేర్చుకుంటోంది, మరాఠీ గబగబా చదువుతుంది. సగం చదివి ఆగింది.

"బాపూ, గీ ట్రాలీని నువ్వే చూసి, సురక్షితమని చెప్పి, నువ్వే ఎంచుకున్నవట. ఘాట్ల ఏమైనా జబాబ్‌దారీ నీదేనట."

"మొత్తం చదువు."

"మొత్తం గంతే."

అనసూయ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "పెట్టకుంటె ఏమైతది?" అని అడిగింది. వెంకటి గోడల వైపు చూశాడట. ఆ చూపుకు అర్థం ఆమెకు తెలుసు. ఆ గోడలు సేటువి.

రెండు రోజులు ఆ కాగితం బియ్యం డబ్బా మీద ఉంది. వెంకటి అన్నం సరిగా తినలేదు. ఒకసారి నా దగ్గరికి వచ్చి, మా డిపోలో డ్రైవర్ పోస్టులు ఏమైనా పడతాయా అని అడిగాడు. వయసు దాటిందని చెప్పాను. "నాకెరుకే అన్నా, అడిగి చూసిన" అన్నాడు. సంతకం పెడితే ఘాట్ ఎక్కాలి. పెట్టకపోతే గదులు ఖాళీ చేయాల్సి రావచ్చు, ప్రణాలికి ఇంకో సంవత్సరం చదువుంది. ఎటు నుంచి ఎటు ఆలోచించినా తిరిగి అదే చోటికి వచ్చేవాడు.

మూడో రోజు పొద్దున్నే కాగితం మడత కూడా విప్పకుండా తీసుకుపోయి సేటు చేతికి ఇచ్చాడు.

"సేటు, మీ ఉప్పు తిన్న. ఏ పని చెప్పినా చేస్త. గాని నేను చూసింది ఇది కాదు. చూడనిదాన్ని చూసిన్నని ఎట్ల రాయాలె?"

సేటు తన కొడుకు వైపు చూశాడు. అరవింద్ బయటికి చూశాడు. సేటు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే పో, గోదాంల బస్తాలు చూసుకో" అన్నాడు.

గదులు ఖాళీ చేయమనలేదు. కానీ ట్రాక్టర్ తాళాలు తీసుకున్నారు. వెంకటి గోదాంలో ఎరువుల బస్తాలు లెక్కపెట్టి ఎక్కిస్తూ ఉండిపోయాడు. ఘాట్ మీదికి సచిన్ అనే ఇంకో డ్రైవర్‌ను మాట్లాడారు. గడ్చందూర్ వైపు మనిషి, ముప్పై ఏళ్ళు ఉంటాయి, ఇంట్లో నెలల బిడ్డ. కాగితం మీద సచిన్ సంతకం పెట్టేశాడు.

అది తెలిశాక వెంకటికి అసలు నిద్ర లేదు. తను తప్పించుకున్న కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టినట్టు అయిందని నాతో అన్నాడు. "నేను పెడ్తె నేను పోతుంటి. పెట్టకుంటె గా పిలగాడు పోతుండు. ఇగ నేను చేసిందేంది?"

సచిన్ మొదటి ట్రిప్పుకు పోయే రోజున వెంకటి గోదాంలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. షాపు ముందర, బజారు మధ్యలోనే చిన్న ట్రాక్టర్‌ను ఎక్కిస్తున్నారు. సేటు గల్లా దగ్గర కూర్చుని చూస్తున్నాడు.

"దాన్ని ముందుకు పెట్టు తమ్మీ. ఎనుక భాగంల ఆపకు" అన్నాడు వెంకటి.

"ముందటికి పోతలేదు కాకా. ట్రాలీ ముందటి తడకె తగులుతుంది" అన్నాడు సచిన్. నిజమే. ఆ ట్రాలీ పొడవు చాలదు, వెనక తగిలించిన గుంటుక సామానుతో బండి ముందుకు సరిగ్గా పట్టడం లేదు. వెనక తలుపు తెరిచే ఉంచి, వెనక చక్రాలు దాదాపు చివర ఉండగా ఆపి తాళ్ళు కట్టారు. సచిన్ పెద్ద ట్రాక్టర్ ఎక్కి గేరు వేసి క్లచ్ వదిలాడు.

ట్రాలీ కొండి పైకి లేచింది. దానితో పాటు పెద్ద ట్రాక్టర్ వెనక భాగం కూడా లేచింది. చక్రాలు ఒకసారి ఊరికే తిరిగాయి, బండి పక్కకు జరిగి షాపు మెట్టును గుద్ది ఆగిపోయింది. మెట్టు మీద పెట్టిన విత్తనాల బోర్డు పడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సచిన్ కిందికి దిగి ట్రాలీని చూశాడు, తర్వాత వెంకటిని చూశాడు.

సేటు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. చాలామంది చూస్తున్నారు. ఆయన కొండి దగ్గర వంగి, అది ఎంత లేచిందో చేత్తో తాకి చూశాడు.

"ఇది ఘాట్ల అయితే?" అని అడిగాడు.

సచిన్ చెప్పాడు. "నేను పోను సేటు."

నాలుగు రోజుల్లో నితిన్ షెడ్డు నుంచి నాలుగు చక్రాల ట్రాలీ వచ్చింది. పలకలు పొడుగ్గా ఉన్నాయి. నాలుగు మూలలా కొక్కేలున్నాయి, గొలుసులు ఉన్నాయి. వెంకటి సుతిలి తాడు ముడులకు సరిగ్గా సరిపోయింది. సేటు తాళాలు తిరిగి ఇచ్చాడు. ఈసారి ఏ కాగితమూ లేదు.

బ్రేకులు మాత్రం లేవు.

"నాగ్‌పూర్ నుంచి సామాను రావాలంటే సీజన్ అయిపోతది, కాకా. ఈసారికి ఇట్ల కానీ. దీపావళి తర్వాత పెట్టిస్తం" అన్నాడు అరవింద్.

వెంకటి ట్రాలీ పక్కన చాలాసేపు కూర్చున్నాడు. మళ్ళీ కాదంటే ఎన్నిసార్లు కాదనగలడు? చివరికి లేచి ఒక్కటే షరతు చెప్పాడు. రాజురా నుంచి ఘాట్ మొదలు దాకా చిన్న బండిని ట్రాలీలోనే తెస్తాం. అక్కడ దించేస్తాం. ఘాట్ ఎక్కడం, దిగడం దాని సొంత చక్రాల మీదే. దాన్ని తను తోలుతాడు, పెద్ద ట్రాక్టర్‌ను ఖాళీ ట్రాలీతో సచిన్ తోలుతాడు. పైన మళ్ళీ ఎక్కించుకుంటాం.

"రెండు గంటలు పోతయి గదా" అన్నాడు అరవింద్.

"పోనీ" అన్నాడు సేటు.

ఇది జరిగి రెండు సీజన్లయింది. దీపావళి రెండుసార్లు వచ్చి పోయింది, బ్రేకు సామాను ఇంకా రాలేదు. ఆ మధ్య నితిన్‌కు వెంకటే ఫోన్ చేశాడు. ఆర్డరే ఇవ్వలేదని తెలిసింది. ఆ సంగతి ఆయన సేటుతో అనలేదు. ఎందుకు అనలేదని నేను అడిగితే, "అడిగితె మల్ల ఒక తారీఖు చెప్తరు" అన్నాడు.

శ్రావణం, భాద్రపదం నెలల్లో నా బస్సు తరచు ఆయన వెనక చిక్కుకుంటుంది. చిన్న ట్రాక్టర్ మనిషి పరుగంత వేగంతో ఎక్కుతుంటుంది. వెనక హారన్లు మోగుతాయి. వెడల్పు చోటు వచ్చేదాకా ఆయన దారి ఇవ్వడు, అంచుకు పోవడానికి ఇష్టపడడు. చోటు వచ్చాక ఆపి, మాకు చెయ్యి ఊపుతాడు. కుడి మోకాలు వానాకాలంలో ఇంకా పట్టేస్తుందట.

ప్రణాలి చదువు అయిపోయింది. చంద్రపూర్‌లో ఒక బండ్ల సర్వీసు షెడ్డులో పని దొరికింది. అక్కడే బాబుపేట వైపు ఒక గది మాట్లాడింది, వంటిల్లు వేరుగా ఉందట, ముగ్గురికీ సరిపోతుందట. అనసూయ పోయి చూసి వచ్చింది, నచ్చింది. చంద్రపూర్‌లో డ్రైవర్లు కావాలనేవాళ్ళు కూడా ఉన్నారని ప్రణాలి తండ్రితో రెండుసార్లు అంది.

"ఆదివారం పోయి చూస్త" అంటాడు వెంకటి.

మొన్న బస్టాండులో కలిసినప్పుడు నేనూ అడిగాను. సీజన్ మధ్యలో సచిన్‌ను ఒక్కణ్ణే వదిలి ఎట్లా పోతానన్నాడు. సీజన్ అయిపోయాక అని నేనంటే, వెనక సేటు గోదాం వైపు చూసి, "ఇరవై మూడేండ్లన్నా" అన్నాడు. ఆ గది చూడడానికి ఆయన ఇంకా పోలేదు.